వంతెన కాపరి మజ్జిగ

డబ్బా మీద పేరు: వీట్సె టెర్ప్‌స్ట్రా.
లోపల, చిటికెన వేలి గోరంత సిలికాన్ తలుపు.
అంచులకు పసుపుపచ్చ పాచి, మూతపడని రెప్ప.
డెబ్బై రోజులు పనిచేసింది.
దానికి ముందుది అరవై రెండు.
నా పని వాటిని గీకడం,
గీకింది గాజు పలక మీద పరిచి
ఎవరెవరు కాపురం పెట్టారో చూడడం.

వాళ్ళు ఒంటరిగా రారు.
మొదటివాడు నునుపు మీద జారుతూ జారుతూ నిలబడతాడు,
రెండోవాడు వాడి భుజం పట్టుకుంటాడు,
పొద్దుగూకేసరికి జిగురుతో గట్టు కట్టేస్తారు.
సముద్రాన్ని వెనక్కి నెట్టి ఊళ్ళు లేపిన దేశం ఇది,
ఇక్కడ గట్టు కట్టేవాళ్ళని తిడితే ఎవరూ ఊరుకోరు.
మందు వరదలా వచ్చి
ఆ గట్టు అవతలే ఆగిపోతుంది.

ముప్పై ఒక్క ఏళ్ళు వీట్సె
ఫ్రీస్‌లాండ్ కాలువ మీద వంతెన ఎత్తాడు, దించాడు.
గాలపు కర్రకు కట్టిన చెక్కబూటు
కిందికి వేలాడదీసి సుంకం పట్టేవాడు.
ప్రతి పడవనీ పేరు పెట్టి పిలిచేవాడట, కేకేసి.
ఆ కేక పుట్టే చోటును కోసి తీసేశాక
మెడలో ఒక రంధ్రం, రంధ్రం వెనక ఈ తలుపు.
బొటనవేలితో మెడ మూసుకుంటే మాట.
వేలు తీస్తే ఊపిరి.
తలుపు పాడైతే కాఫీ ఊపిరిలోకి కారుతుంది.
"వీట్సె దగ్గు మొదలెడితే" అంది అతని భార్య బౌక్యె,
"కుక్క లేచి బయటికి వెళ్ళిపోతుంది."

ఆ తర్వాత డబ్బా రాలేదు.
తొంభై రోజులు. నూట పది.
పోయాడేమో అనుకున్నాను,
మా పనిలో ముందు వచ్చే ఆలోచన అదే.
నూట నలభై ఏడో రోజున మనిషే వచ్చాడు
టోపీ మడిచి జేబులో కుక్కుకుంటూ.
కొత్తగా ఏం చేశావని డాక్టరు అడిగితే
నేల చూశాడు.
చల్లకొచ్చి ముంత దాచినట్టు
రెండో జేబులో సీసా.
బొటనవేలు మెడకు ఆనించి ఒకే మాట:
"మజ్జిగ."

అక్క కొట్టంలో వెన్న తీసేశాక మిగిలింది,
రోజూ రెండు గ్లాసులు.
డాక్టరు నవ్వలేదు.
నాకు ఆయనంటే ఇష్టం అందుకే.

అప్పుడు గాజు గొంతులు చేశాం, ఆరు.
మూడింటికి మజ్జిగ, మూడింటికి ఉప్పునీళ్ళు.
వారంలో ప్రయోగశాలంతా పులిసిన వాసన,
నా స్వెట్టరు కూడా.
మజ్జిగలోని బుల్లి ప్రాణులు ముందే వెళ్ళి
బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరినట్టు
చోటు పట్టేస్తాయి.
వెనకొచ్చినవాళ్ళు కాసేపు నిలబడి
తరువాతి గుక్కతో దిగిపోతారు.
కొమ్ములకన్నా చెవులే వాడి, ఈ ఒక్క చోట.

అనుకుంటున్నాను, అంతే.
మజ్జిగ తాగిన మూడో గొంతు మాట వినలేదు,
దాని తలుపు మీదా పాచి.
నోటుబుక్కులో అదీ రాశాను,
మిగతావాటి పక్కనే, అదే సిరాతో.

నిన్న సైకిలు మీద ఆ వంతెన దాటాను.
ఇప్పుడది మీట నొక్కితే లేస్తుంది, ఎక్కడో ఊళ్ళోంచి.
కాపరి గది తలుపుకు తాళం.
అయినా వీట్సె కమ్మీకి ఆనుకుని ఉన్నాడు.
దూరంగా ఓ పడవ, ముక్కు మీద తెల్లటి అక్షరాలు.
అతని బొటనవేలు మెడ మీదికి లేచింది.

గాలి నాకు ఎదురు,
ఏమన్నాడో వినబడలేదు.
చుక్కాని పట్టుకున్న అమ్మాయి మాత్రం
తలెత్తి చూసింది.