మధ్య కడ్డీ

బడి గంటకి ఇంకా ఇరవై నిమిషాలుంటుంది.
నేను గింకో ఆకులు ఊడుస్తుంటాను.
రాత్రి వానకి తడిసి నేలకి అతుక్కున్న పసుపు ఆకులు
చీపురుకి ఓ పట్టాన లొంగవు.

అప్పుడొస్తుంది కొయుకి, రెండో తరగతి.
ఎర్ర సంచీ వీపు మీంచి దింపి
పొట్టి కడ్డీ పక్కన ఆనిస్తుంది,
ఎవరినో చూడమని కూర్చోబెట్టినట్టు.

కడ్డీ పట్టుకుని, నేలని ఒక్క తన్ను తన్ని,
కాళ్ళు ఆకాశంలోకి విసిరి
వెనక్కి పిల్లిమొగ్గ వేసి పైకి తేలాలి.
ఈ ఊరి పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు వేసేదే.
కొయుకి కాళ్ళు మాత్రం సగం దాకా లేచి
ఏదో మర్చిపోయినట్టు దిగొచ్చేస్తాయి.

"నాకు రాదు" అంది సెప్టెంబరులో.
నాతో కాదు, కడ్డీతో.

కురమొచి టీచరు పక్కన గొంతుక్కూర్చుంది.
శెభాష్ అనలేదు.
వచ్చేస్తుందిలే అని కూడా అనలేదు.
"ఎక్కడ ఆగిపోయావు?" అనడిగింది.
పిల్ల చాలాసేపు ఆలోచించింది.
"చేతులు సాగిపోతున్నాయి."
"రేపు మోచేతులు మడిచే ఉంచి చూద్దామా?"
అంతే. స్కర్టుకంటిన ఇసుక దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచి
పనిముట్ల గది తలుపు వెనక
నేనో లెక్క రాస్తున్నాను, సుద్దముక్కతో.
ఎన్నిసార్లు పడిందో కాదు,
కాళ్ళు ఎంతదాకా లేచాయో.
సోమవారం, బొడ్డు.
మంగళవారం, బొడ్డుకి బెత్తెడు పైన.
గురువారం మళ్ళీ మోకాలే. ఆ రోజు జలుబు.
అక్టోబరు రెండో వారం, గడ్డం!

ఒకరోజు ఉండబట్టలేక
చీపురు పడేసి వెళ్ళి, నడుము కింద చెయ్యేసి ఎత్తేశాను.
గిర్రున తిరిగింది.
దిగి నా వైపొక చూపు చూసింది,
తను విప్పుకుందామనుకున్న ముడిని
ఎవరో కత్తెరతో కోసేసినట్టు.
ముప్ఫై ఏళ్ళుగా బళ్ళో పని చేస్తున్నాను.
నా చేతుల్ని ఏం చేసుకోవాలో ఆ పూట తెలియలేదు.

ఆ తర్వాత నా సాయం ఒక్కటే:
తెల్లారగట్ల కడ్డీ మీది మంచు
పొడి గుడ్డతో తుడిచిపెట్టడం.

చేతుల్లో బొబ్బలు లేచాయి, చితికాయి, గట్టిపడ్డాయి.
అన్నం తింటుంటే వేళ్ళు ఇనుము వాసన కొడుతున్నాయని
వాళ్ళ తమ్ముడికి గొప్పగా చూపించిందట.

నవంబరులో ఓ బుధవారం
చీపురులో ఇరుక్కున్న ఆకు పీకడానికి వంగాను.
ఎప్పుడూ వినపడే "ధబ్" వినపడలేదు.
తలెత్తేసరికి
కడ్డీ మీద పొట్ట ఆనించి, జుట్టంతా మొహాన పడి,
ఊపిరి బిగబట్టుకుని ఉంది.

నేను చూడలేదు.
మూడు నెలలు చూసి, అదొక్కటీ చూడలేదు.

చూశావా అని తనూ అడగలేదు.
మళ్ళీ వేసింది, పడింది.
మళ్ళీ వేసింది, తేలింది.
సంచీ తీసుకుంది. బడిలోకి వెళుతుందనుకున్నాను.
వెళ్ళి మధ్య కడ్డీ పక్కన ఆనించింది.

అది తన గడ్డమంత ఎత్తు.
తన్నింది. కాళ్ళు కొంచెం లేచి దిగిపోయాయి.
"ఇవాళ రాలేదు" అంది.

గంట కొట్టడానికి వెళుతూ
తలుపు వెనక కొత్త గీత గీశాను:

మధ్య కడ్డీ. బుధవారం. మోకాలు.