ఎండ తూకం

మూడు రోజులు మబ్బు
ముసుగుతన్ని పడుకుంది దావోస్ మీద.
పదిహేడు దేశాల నుంచి సూర్యుణ్ణి చూడవచ్చినవాళ్లు
చల్లారిన కాఫీలో చెంచాలు తిప్పుతూ కూర్చున్నారు.

నా పేరు ఫ్లూరిన్. నా పని లెక్క పిలవడం.
మా అమ్మమ్మ ఈ కొండమీదే
క్షయరోగుల మంచాలు వరండాలో ఎండవైపు తిప్పేది.
ఆమె పరికరం మోచేతి లోపలి చర్మం.
దానికి దశాంశాలు లేవు.

నాలుగో పొద్దున యాకోబ్స్‌హార్న్ వెనక నీలం.
ఎవరూ అరవలేదు. కుర్చీలు మాత్రం చప్పుడు చేశాయి.

బల్లలమీద వరుసగా గొట్టాలు,
ఇత్తడివి, అల్యూమినియంవి, రంగు పెచ్చులూడినవి,
అన్నీ ఒకేవైపు మెడ తిప్పి.
పొద్దుతిరుగుడు పువ్వులంటారేమో చూడనివాళ్లు.
పువ్వుకు ఇంత పట్టింపు ఉండదు.
ఇవి ఆకాశం మొత్తం వదిలేసి
సూర్యబింబాన్నీ దాని చుట్టూ వేలెడంత అంచునీ
తప్ప ఇంకేదీ లోపలికి రానివ్వవు.

లోపల నల్లటి గూడు.
మూత వేసి కరెంటుతో కాచడం,
మూత తీసి ఎండతో కాచడం,
రెండు వేడీ ఒకటేనా అని అడగడం.
ఇంతే మా విద్య.

"తెరవండి," అంటాను.
తొంభై సెకన్లు.
"రాయండి."

బయటివాళ్లకు చెప్పని మాట ఒకటి:
అసలు ఎండ ఎంతో ఎవరికీ తెలియదు.
మధ్య బల్లమీద కొన్ని ముసలి గొట్టాలున్నాయి,
వాటి సగటునే సూర్యుడంటున్నాం.
ఒకటి దారి తప్పితే మిగతావి నచ్చజెబుతాయి,
రచ్చబండ దగ్గర పెద్దమనుషుల్లా.

అందరూ తొమ్మిది వందల నలభై ఒకటి రాస్తున్న వేళ
ఓయున్‌చిమెగ్ తొమ్మిది వందల ముప్పై ఆరు రాసింది.
గోబీ అంచు నుంచి
గొర్రెబొచ్చు గుడ్డలో చుట్టి తెచ్చుకున్న గొట్టం ఆమెది.
ఐదు వాట్లు తేడా.
ఫ్రిజ్ లోపలి బల్బుకు కూడా చాలదు అది.
ఆమె ముఖంలో మాత్రం ఏదో ఆరిపోయింది.

టార్చి వేసి చూసింది.
గొట్టం మూతి దగ్గర సాలెపోగులు,
మూడో నాలుగో, ముడిపడి.
ఎస్టోనియా ఉలో మెత్తటి కుంచె అందించబోతే
చెయ్యి అడ్డం పెట్టింది.
"ఆగు. ఇది ఎక్కడిది?"

నిన్న రాత్రిదైతే
ఒక్క ఉదయం చెడింది, కొట్టేస్తే పోతుంది.
అక్కడిదైతే
ఐదేళ్ల ఎడారి ఎండని ఆమె తక్కువ తూచింది,
ప్రతి మధ్యాహ్నం, చిటికెడు చిటికెడు,
మోసం చెయ్యాలని లేని కొట్టువాడిలా.

"మాదే అది," అన్నాను. "ఇక్కడి సాలీళ్లకు
రాత్రికి రాత్రి ఇల్లు కట్టడం అలవాటు."
ఆమె నవ్వింది.
"మంచివాడివి. కానీ అది రీడింగ్ కాదు."

ఆ రోజంతా పోగులతోనే కొలిచింది.
తప్పు ఎంతో ముందు తెలియాలి కదా, తర్వాతే తుడవడం.
సాయంత్రం కుంచె కొనతో తీసి
లెక్కల పుస్తకంలో, ఆనాటి తారీఖు పక్కన,
టేపు వేసి అంటించింది.

రాత్రి భోజనాల దగ్గర ఆమె కుర్చీ ఖాళీ.
మెట్లమీద కూర్చుని ఫోనులో వింటోంది:
అవతల ఎవరో కుర్రాడు
నిర్మలమైన రోజుల పేజీలు ఏరి, ఏడాదికొకటి,
పైకి చదువుతున్నాడు.
ఆ భాష నాకు రాదు.
అంకెలు తగ్గుతున్నాయో లేదో
ఆమె వీపు చూసి చెప్పలేకపోయాను.

అందరూ పడుకున్నాక బల్లల దగ్గరికి వెళ్లాను.
చలికి టార్చి వెలుగు కూడా బిగుసుకుపోయినట్టుంది.
మిగతా గొట్టాల మూతులన్నీ ఒక్కొక్కటీ,
చివరికి ముసలివాటివీ, వంగి చూశాను.
ఒక్క పోగన్నా దొరకాలని
ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు.

ఏమీ లేదు. అద్దంలా శుభ్రం.

రేపూ నీలమేనంటున్నారు.
మొదటి "తెరవండి" అనకముందే
ఈ సంగతి ఆమెకు చెప్పాలి.