బుధవారం ప్రశ్న

"వచ్చే ఆరు నెలల్లో మార్కెట్
పెరుగుతుందా, పడుతుందా, ఉన్నచోటే ఉంటుందా?"
ముప్ఫై ఒక్క ఏళ్లుగా
ప్రతి బుధవారం నేనడిగేది ఇంతే.
డులూత్ రేవు మీదికి చూసే రెండో అంతస్తులో
కిటికీ అంచుల్లో మంచు పేరుకున్న గది.
ఒక ఫోను. మూడు గళ్ల కాగితం.
రిసీవరు ఆనీ ఆనీ అరిగిపోయిన నా ఎడమ చెవి కమ్మ.

పేర్లు నూట నలభై.
పళ్ల డాక్టరుగా రిటైరైన క్విగ్లీ
ముందు వాతావరణం చెప్పి గాని జవాబివ్వడు.
ధాన్యపు గాదెల దగ్గర ఫోర్‌మన్ టోయివో
"పడుతుంది" అంటాడు ఏటికేడూ,
బళ్లో హాజరు పలికినట్టు.
మొగుడు వదిలిపోయిన రైల్వే షేర్లని
పిల్లిని సాకినట్టు సాకుతున్న మిసెస్ డ్వొరాక్
"నువ్వేమంటావమ్మా ఆర్డిస్?" అని నన్నే అడుగుతుంది.
నేనేమీ అనకూడదు.
దానికే నాకు జీతం.

ఎద్దుల గడిలో గీత, ఎలుగుల గడిలో గీత,
ఎటూ తేల్చుకోనివాళ్లకి నడిమి గడి.
సాయంత్రానికి కూడి, నూటికింతని తేల్చి
షికాగో పంపుతాను.
మా సంపాదకుడు దాన్ని తలకిందులుగా చదువుతాడు.
అందరూ అందలమెక్కితే మోసేవాళ్లెవరని
అతని లెక్క.
కొనాలనుకున్నవాళ్లంతా కొనేశాక
ఇక ధరని ఎత్తే భుజమేదీ?

ఒక ఆగస్టులో ఎద్దులు నూటికి డెబ్బై రెండు.
ఫోన్ల వెనక గ్లాసుల గలగల, కొత్త పడవ ఇంజను రొద.
టోయివో కూడా, అవును, టోయివోనే,
కాస్త సిగ్గుపడుతూ "పెరగొచ్చులే" అన్నాడు.
ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.
పదిహేను రోజులకి మార్కెట్
మెట్ల మీంచి జారిన బిందెలా
మోగుతూ దిగింది.

తర్వాతి మార్చికి పదిహేడు.
సగం మంది ఫోనే ఎత్తలేదు.
ఎత్తినవాళ్లు మెల్లగా మాట్లాడారు,
పక్కగదిలో ఎవరో పోయినట్టు.
క్విగ్లీ వాతావరణం ఊసే ఎత్తలేదు.
నిజమైన ఎలుగు ఎప్పుడూ ఎలుగెత్తదని
ఆ బుధవారం తెలిసింది.

ఆ కాసిని ఎద్దుల్లో ఒకడు యూస్టస్ పెల్కీ,
వంతెన అవతల ట్రక్కులు బాగుచేస్తాడు.
అందరికన్నా ఎక్కువ పోగొట్టుకున్నవాడు.
"పెరుగుతుంది" అన్నాడు, ప్రశ్న పూర్తి కాకుండానే.
ఎందుకని అడగడం నా పని కాదు.
అడిగాను.
"మా ఆవిడకి జ్వరం దిగింది.
పొద్దున్నే లేచి గుడ్డు వేయించమంది."

కారణం రాయడానికి నా కాగితంలో గడి లేదు.
ఒక గీత గీశాను.
గురువారం న్యూయార్క్‌లో ఎవరో కుర్రాడు
దాన్ని మిగతావాటితో కలిపి, సగటు తీసి,
గ్రాఫులో చుక్కగా దిగ్గొట్టి ఉంటాడు.
చుక్క వెనక పెనం చిటపట
అతనికెలా వినిపిస్తుంది?

ఆ నెలాఖరు నుంచి మార్కెట్ లేచింది.
గుడ్డు వల్ల కాదు, నాకూ తెలుసు.
సంపాదకుడు తన తలకిందుల లెక్కని మెచ్చుకున్నాడు.
నేను మాత్రం అప్పట్నుంచీ
అంకెలకన్నా ముందు ఊపిరి వింటున్నాను:
ఎవరింట్లో పొయ్యి వెలిగింది,
ఎవరు ఒంటరిగా టీవీ పెట్టుకున్నారు,
ఎవరి కుక్క మొరగడం మానేసింది.

ఇవాళ మళ్లీ బుధవారం.
ఇనుప ఖనిజం ఓడ ఒకటి మంచులో ఆగి ఉంది,
వస్తోందో పోతోందో ఈ వెలుతుర్లో తెలియదు.
"నువ్వేమంటావమ్మా ఆర్డిస్?"
ముప్ఫై ఒక్క ఏళ్ల జీతం గొంతుకి అడ్డుపడింది.
"మోకాలి నొప్పి తగ్గింది, మిసెస్ డ్వొరాక్."
అటువైపు కాసేపు మాటలేదు.
"అయితే నాది పెరుగుతుందని రాసుకో."

రాసుకున్నాను.
నాలుగైంది.
ఇంకా అరవై పేర్లున్నాయి.