మూడక్షరాలు

మా పేటలో రాయి విసిరితే
మైలపల్లి వాళ్ళ పెంకుల మీద పడుతుంది,
లేదంటే సూరాడ వాళ్ళ గోడకి.
లంతేరి వాళ్ళకి తగలాలంటే
గురి చూసి కొట్టాలి.

ఓటర్ల జాబితాలో అయిదుగురం.
కార్తీకంలో మామ పోయాడు, నలుగురం.
అందులో నేను పుట్టుకకి మైలపల్లిని,
మా అత్త సూరాడ వారి గుంట.
అంటే ఈ పేరు మోసేవాళ్ళలో సగంమందిమి
మోతకి వచ్చినవాళ్ళమే.

ఆధార్లో ఒకలా ఉంటుంది, గ్యాసు పుస్తకంలో ఇంకోలా.
మత్స్యకార సంఘం కార్డులో ‘లంతోరి’.
రేషన్ డిపోలో వేలు పెట్టిన ప్రతిసారీ
“ఏటమ్మా, ఇదేం పేరు?” అంటాడు,
పదేళ్ళ నించీ కొత్తగానే.

అర్థం అడిగితే అత్త
దీపస్తంభం వైపు గెడ్డం ఎత్తుతుంది.
“అది నేనప్పుడు, మీ మామ తాతకి తాత
గెడకి లాంతరు కట్టి
రేతిరంతా రేవులో నిలబడీవోడు.
ఓ తుపాను రేతిరి సమురైపోతే
సొంత వలలే ముట్టించీసినాడు.”
వలలు కాల్చుకున్నాక ఆ ఏడు ఏం తిన్నారో
కథలో లేదు.
నేను అడిగాను. చేపలు తోముతూ ఊరుకుంది.

పోస్టు అప్పలసూరి గారు ఒప్పుకోరు.
మునసబు కళ్ళజోడు ఇంట్లో మరిచిన పూట
లంకేరి కాస్తా లంతేరి అయ్యిందంటారు.
పేటలో ఆడవాళ్ళది మూడో మాట,
మామ పిల్లికళ్ళు గుర్తు చేసుకుని
కొంగు అడ్డం పెట్టుకుని చెప్పుకునేది:
ఎప్పుడో ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన
తెల్లోడొకడు, గంజి తాగి బతికినోడు,
మళ్ళీ ఓడెక్కడం మరిచిపోయాడని.

పోయిన వైశాఖంలో మా ఆయన దానేసు,
ఓడలో ఫిట్టరు,
జెనోవా రేవులో దిగి ఫోటో పంపాడు.
రొట్టెల కొట్టు. పైన బోర్డు.
ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే
లం. తే. రి.
నా చేతిలో ఫోను చెమటకి జారింది.

కొట్టు ముసలాయనకి తన పాస్‌పోర్టు చూపించాడంట.
ఆయన కళ్ళద్దాలు పైకి తోసి,
పేరు మీద వేలు పెట్టి,
లోపల నించి పెళ్ళాన్ని కేకేశాడంట.
వాళ్ళ కొండల్లోనూ ఈ పేరోళ్ళు పల్చనేనంట.
అర్థం అడిగితే రెండు చేతులూ గాల్లోకి ఎత్తి
ఒకసారి దీపం అన్నాడంట,
ఒకసారి నేత అన్నాడంట,
పెళ్ళాం మూడోది ఏదో అందంట.
రొట్టెకి సగం డబ్బులే తీసుకున్నాడు.
“సగం చుట్టమన్నమాట,” అంది అత్త.

ఇప్పుడు కొత్త తెప్ప వచ్చింది.
పేరు రాయడానికి గార నించి పెయింటరు,
అక్షరానికి ముప్పై రూపాయలు.
కాగితం మీద రాసిచ్చి నేను గంజి దించడానికి వెళ్ళాను.
వచ్చేసరికి తెప్ప మీద ఎర్రగా, నున్నగా
‘లాంతరు’.
“మీరు తప్పు రాసినారు, నాను దిద్దినాను.”

పుట్టింటి పేరు వదిలి వచ్చినప్పుడు
రాని కోపం అప్పుడు వచ్చింది.
చెరిపెయ్యమన్నాను. దీర్ఘం తుడిచెయ్యి,
త మీద తలకట్టు తీసి ఏత్వం పెట్టు, గుడి మరిచిపోకు.
మరిది తల గోక్కున్నాడు.
అత్త తడి రంగు దగ్గర కూచుని
వేలు తగలకుండా ఒక్కో అక్షరమూ
గాల్లోనే తడుముతోంది.
చదువు రాదు ఆవిడకి.
“ఏటని రాసినాడే?”
చెప్పాను.
“మరి సరిగ్గానే రాసినాడు కదే.”

రంగు ఆరేలోగా చీకటి పడింది.
తెల్లారి చెరపొచ్చులే అనుకున్నాం.
మూడో జాముకే గాలి తిరిగిందని
మరిది ఆ పేరుతోనే కెరటం దాటేశాడు.

ఆ రోజు కవళ్ళు పడ్డాయి చూడండి,
బుట్టలు చాలక గోనెలు తెచ్చుకున్నాం.
పేటంతా తెప్ప ముందు నిలబడి పేరు చదివింది,
చదవడం రానివాళ్ళు కూడా.

ఇక చెరపమని ఎవరితో అనను?
కాగితం మాత్రం దాచాను,
మూడక్షరాలదీ, నా చేతిరాత,
బియ్యం డబ్బాలో.