దించుతున్నానండీ

గ్రిమ్స్‌బీలో ఒక పాత చేపల గోదాము, దాని పైన మా శిక్షణ గది.
కిటికీ తెరిస్తే ఉప్పు వాసన, మూస్తే హీటరు వాసన.
తొమ్మిది కుర్చీలు, ఒక ఆసుపత్రి మంచం,
మనుషుల్ని ఎత్తే యంత్రం, దాని కొక్కేలకి నీలం జోలె,
మంచం మీద యాభై కిలోల రబ్బరు మనిషి.
నాకన్నా ముందువాళ్ళెవరో ఆయనకి ఆల్బర్ట్ అని పేరు పెట్టారు.
ఎడమ చెవి లేదు.
ఎవరు ఊడబెరికారో రికార్డుల్లో లేదు.

"పైనుంచి పట్టుకోకండి" అంటాను, మొదటి మాటే అది.
"మణికట్టు బిగించి పట్టుకునేవాడు పోలీసు.
మీరు అరచెయ్యి తెరిచి, కిందనుంచి ఆనించండి."
టెండై రాసుకుంటుంది. బిన్సీ తల ఊపుతుంది.
కైల్ ఫోను చూసుకుంటాడు.
పోయిన వారందాకా ఫ్యాక్టరీలో చేపల పెట్టెలు మోసినవాడు,
మొయ్యడం వాడికి ఒకరు నేర్పాలా?

వెనక వరసలో మౌరీన్ ఊలు అల్లుకుంటోంది.
ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు.
ఏటా ఇదే క్లాసు, ఏటా నాలాంటిది ఇంకొకతి.

పదకొండింటికి పొడి కలిపి చిక్కబరిచిన టీ పోస్తాను అందరికీ.
మింగుడు పడనివాళ్ళకి రోజూ ఇదే, తాగి చూడండి.
గంజిలా జారదు. బంకలా కదలనూ కదలదు.
ఆ ముఖాలు చూడాలి!
"ఇది ఇచ్చి, ఎందుకు తాగవని మొన్న ఒకాయన్ని విసుక్కున్నాను"
అంది బిన్సీ.
మాతో కాదు, కప్పుతో.

మధ్యాహ్నం కైల్‌ని జోలెలో కూర్చోబెట్టాం.
నవ్వుతూ ఎక్కాడు, సెల్ఫీ కూడా తీసుకున్నాడు.
బటన్ నొక్కాను.
పాదాలు నేలని వదిలిన జానెడు ఎత్తులో
ఎక్కడో జారిపోయింది నవ్వు.
గాలిలో మెల్లగా తిరుగుతూ
దేన్నో పట్టుకోవాలని తడుముకుంటున్న
పంతొమ్మిదేళ్ళ చేతులు.

నా మాన్యువల్లో ఇరవై మూడో పేజీ:
వ్యక్తికి ధైర్యం చెప్పవలెను.
ఎలాగో ఇరవై నాలుగులో లేదు.

నేను నోరు తెరిచేలోపే మౌరీన్ అల్లిక పక్కన పెట్టి లేచింది,
మోకాళ్ళు పట్టేసిన నడక.
వంగి, వాడి పాదాల కింద తన రెండు అరచేతులూ పెట్టింది,
బూట్లకే, బురదతో సహా.
"ఇదిగో నాన్నా, నేల" అంది.

ఈ మాటని ఏ స్లైడులో ఇరికించను?

సాయంత్రం తొమ్మిది ఫారాలు,
'సమర్థులు' అన్నచోట తొమ్మిది టిక్కులు, ఏడాది గడువు.
మౌరీన్ ఫారం దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
టిక్కు పెట్టాల్సింది నేనా, తనా?
పెట్టేశాను. ఆమెకి బస్సు టైమైంది.

అందరూ వెళ్ళాక ఆల్బర్ట్‌ని యంత్రంలోంచి దించాలి.
పొద్దుటినుంచీ ఇంగ్లీషులో అందరినీ ఒకే గాటన కట్టి
యూ, యూ అంటూనే ఉన్నాను.
తాళంచెవి నోట కరుచుకుని, జోలె పట్టీ విప్పబోతూ ఆగి,
తాళంచెవి తీసేసి,
"దించుతున్నానండీ" అన్నాను,
లేని చెవి వైపే వంగి.