రెండు మార్కుల ప్రశ్న

గునుపురంలో రైలు పట్టాలు ఆగిపోతాయి.
అందుకని ఫుల్‌స్టాప్ అంటే ఏటో
మా పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.
కామాతోనే నా తంటా అంతా.

సాయంత్రం ఆరు. మావారి కొట్టు వెనక గది.
పెసర బస్తాల మీద పదకొండు మంది, పదో తరగతి.
ఇంట్లో తెలుగో ఒడియానో, బళ్లో ఒడియా,
పరీక్షలో ఇంగ్లీషు.
ఎలిసబాకి వీటన్నిటి కింద కొండ మీది సవర.

"ది" ఎక్కడ పెట్టాలో మూడేళ్లు చెప్పాను.
తెలుగులో దానికి పీట వెయ్యలేదెవరూ,
"ఆ" అని వేలు చూపించి ఊరుకుంటాం.
చివరికి కింతలి వారి గుంటడే పట్టుకున్నాడు:
"టీచర్, ఒడియాలో గాయి అంటే ఏదో ఒక ఆవు.
గాయిటా అంటే నిన్న మీ గోడ దూకిందే, ఆ ఆవు.
వీళ్లు తోక తెచ్చి ముందర తగిలించారు, అంతే!"
ఆ రోజు అందరికీ చేగోడీలు తెప్పించాను.

ఇవాళ పడవ పద్యం.
ఎవరో కొందరు వానకి ముందే ఏరు దాటేశారు.
పద్యం నిండా వుయ్, వుయ్, వుయ్.
గైడులో ప్రశ్న: వుయ్ అంటే ఎవరు? రెండు మార్కులు.
జవాబు: కవి, అతని స్నేహితులు.
రాసుకోండన్నాను. పది పెన్నులు కదిలాయి.

ఎలిసబా రైకా మూత తియ్యలేదు.
"టీచర్, ఇది మేమా? మనమా?"

ఏటే, అన్నాను.

"మీ తెలుగులో రెండున్నాయి కదా.
పడవలోకి నన్నెక్కించుకున్నారా,
గట్టు మీద నిలబెట్టి చెప్తన్నారా?"

లోపాముద్ర నవ్వింది. ఒడియాలో గొడవే లేదు,
అందరికీ కలిపి ఒకటే, ఆమే, అంది.
"ఆవిడెవరు?" అన్నాడు వెనక బస్తా మీంచి ఒకడు.
గది గదంతా విరగబడింది.

నేను వ్యాకరణం పుస్తకం తిరగేశాను.
ఫస్ట్ పర్సన్, ప్లూరల్.
లోపలున్నదెవరో బయటున్నదెవరో
ఏ పేజీలోనూ లేదు.

"ఈ తేడా నీకెవరు నేర్పారే?"

"మీ కొట్లోనే టీచర్.
మాయమ్మా నేనూ చింతపండు దించినప్పుడు
సారు, మనలో మనకి తూకమేటి, అంటారు.
డబ్బులప్పుడు, మేం ఇంతే ఇస్తాం, అంటారు.
అలా తెలిసింది."

కోపంగా కాదు. ఎక్కాలు అప్పజెప్పినట్టు.

గోడకి అవతల కాటా పళ్లెం
ఒకసారి మోగి ఊరుకుంది.

"నీకు తోచిందే రాయి," అన్నాను.
"మార్కులు పోతాయి కదా టీచర్?"
పోతే పోనీ అనడానికి నోరు రాలేదు.
ఆ రెండు మార్కులూ నావి కావు.

రాసింది. కవి, అతని స్నేహితులు.
గుండ్రటి అక్షరాలు.
"ది" సరిగ్గా ఉండవలసిన చోటే ఉంది.

పిల్లలు వెళ్లాక
పద్దు పుస్తకం మూస్తూ మావారన్నారు,
"చింతపండులో మనకి ఈసారి బాగానే మిగిలింది."

"ఎవరికి?" అన్నాను.

వినపడలేదేమో అనుకుని
ఆయన అదే మాట
ఇంకాస్త గట్టిగా చెప్పారు.