వెనక పూత

ప్రొద్దుటూరులో కరెంటు నిలకడగా ఉండేది
తెల్లవారుజామున మూడు దాటినాకే.
కొలిమి వెలిగించేది మేం అప్పుడే.
పగలు వోల్టేజీ కోతిలాగా ఎగురుతుంది,
జిన్నింగు మిల్లుల నుంచి దూది నూగు తేలివస్తుంది.
ఒక్క పోగు చాలు,
కాలి, నీలంలో నల్లచుక్కై కూచుంటుంది.
దాన్ని ఇక దేవుడు కూడా గిల్లి తీయలేడు.

గడియారం నాగమునెమ్మది.
ఎర్రగుంట్ల పక్కన ఆమెకు బండల క్వారీ ఉంది.
లారీలు లెక్కపెడుతుంటే
రొంటిన దోపుకున్నది జారి
తన బండ మీదే పడింది.
యంత్రం బతికింది, ముఖం పగిలింది.
"నీలం నీలంగానే రావాల.
లెక్క తర్వాత మాట్లాడుకుందాం" అని పోయింది.

దస్తగిరి మామకు పళ్లచక్రాలు తెలుసు.
కంబగిరాచారికి మీనా తెలుసు,
కమ్మల మీద, పతకం మీది నెమలి మెడలో.
నాకు తెలిసింది కడగడం ఒక్కటే.

గాజుపెంకును కల్వంలో నూరి,
నీళ్లు పోసి, తేరనిచ్చి, వంచి,
మళ్లీ పోసి.
మొదటి నీళ్లు బియ్యం కడుగు.
పదోసారికి మజ్జిగ తేట.
ఇరవయ్యోసారికి గాని
గిన్నె అడుగున గీత కనపడదు.
"ఆ పాలు రవ్వంత మిగిలినా
వెలుతురు లోపలికి పోతుంది గానీ
తిరిగి రాదు పాపా" అంటాడు ఆచారి.

వెండిరేకు నడిమి నుంచి అంచుకు
నూటిరవై గీతలు గీసినాడు ఉలిమొనతో.
గీత గీతకూ ఊపిరి బిగబట్టేవాడు,
నేను లెక్కపెట్టినాను.
ఇంత కష్టపడి మళ్లీ గాజుతో కప్పేస్తావా అంటే
"కప్పడం గాదు. పెన్నలో చూళ్లేదూ,
నీళ్ల కింద ఇసుక?"
పెన్నలో నీళ్లు ఎప్పుడు చూసినానో
గుర్తుచేసుకుంటూ ఉండిపోయినా.

కొలిమి తలుపు సందులోంచి
మొదట చక్కెర.
తర్వాత కమలాపండు తొక్క.
తర్వాత, ఉన్నట్టుండి, నీళ్లు.
అక్కడ ఆపాల.
మామ చెవికి గడియారం ఆనించుకొని
"తియ్!" అని కేకేస్తాడు,
వీధికుక్కలు లేస్తాయి.

అట్లా ఐదు పూతలు, ఐదు కాల్పులు.
ఒక ముఖం మూడో పూతకే చిట్లింది.
ఒకటి చల్లారినాక, మేం టీ తాగుతుంటే, టిక్కుమంది.
నలభై గడియారాలున్న కొట్లో
ఆ టిక్కు వేరని ముగ్గురికీ తెలిసిపోయింది.
ఏడు ముఖాలు పిప్పరమెంట్ల డబ్బాలోకి పోయినాయి,
ముళ్లు లేకుండా, అంకెలు లేకుండా.

ఆచారి రెండు రోజులు కొట్టుకు రాలేదు.
మూడోరోజు వచ్చి, చెప్పులు విడవకుండానే,
"నగ మందం, ఇది గోరంత పల్చన.
గాజు ఒకపక్కే గుంజుతుంటే
వెండి ఎట్ల ఓర్చుకుంటాది?
వెనక్కూడా పూయాల" అన్నాడు.

ఎవరూ చూడని వైపుకు మంచి నీలం ఎందుకు?
ఊడ్చిన పొడి, మిగిలిన పచ్చ, మాడిన ఎరుపు,
నేను పారబోయకుండా ఎందుకో దాచిపెట్టిన
ఆ తెల్లనీళ్ల మడ్డి,
అన్నీ కలిపితే పెన్న బురద రంగు.
అది పూసి కాల్చినాం.
ఆ మడ్డే
ముందున్న నీలాన్ని వంగనీయకుండా పట్టుకుంది.

ఎనిమిదోదాన్ని మామ దీపం కింద వంచినాడు.
వెలుతురు లోనికి దిగి, గీతల్ని తడిమి,
ఇష్టం లేనట్టు నిదానంగా పైకొచ్చింది.
"గడియారంలో ఆలస్యంగా నడిచినా
నేను బాగుచేయనిది ఇదొక్కటే" అన్నాడు.

నాగమునెమ్మ దాన్ని ఎండలోకి తీసుకుపోయింది.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"పాతదానికన్నా లోతుగా ఉందే" అంది,
అది మెప్పో ఫిర్యాదో తేలలేదు.
వెనక మూత తెరవమని అడగలేదు, ఎవరడుగుతారు.
ముల్లు చూసి, లారీ ఎక్కే ముందు
చిట్టాలో రాసుకుంది:
ప్రొద్దుటూరు నుంచి బయలుదేరింది,
పదకొండూ పదిహేడు.